వేల్స్ బంగళాలో తేలని నాలుగడుగులు

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే మొదటి ప్రశ్న ఊరి గురించి ఉండేది కాదు. "మీరు ఏ ప్లాట్‌ఫారం?" అని అడిగేవారు. కొత్తగా వచ్చిన వారంలో ఒకాయన నన్నూ అలాగే అడిగాడు. మేం దిగే పాసిర్ రిస్ స్టేషన్ సంగతి అనుకుని, "ఎటు దిగినా ఒకటేనండి, అదే ఆఖరి స్టేషన్" అన్నాను. ఆయన అడిగింది కంప్యూటర్ల మీద నా పని ఏ రకమని. నవ్వలేదు. మావారు ఇంటికి చేరేదాకా నాతో మాట్లాడలేదు.

మావారు ఒక బ్యాంకులో కాంట్రాక్టు మీద జావా రాసేవారు. నేను బందరు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, రోడ్లు భవనాల ఆఫీసులో నాలుగేళ్ళు కల్వర్టులూ, క్వార్టర్లూ గీసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. మా ఫ్లాట్ల చుట్టుపక్కల ఆంటీలందరికీ నా మీద జాలి. పళ్ళ డాక్టరు ఒకావిడ డేటాబేస్ కోర్సులో చేరింది. జువాలజీ లెక్చరరు ఒకాయన అప్పటికే టీమ్ లీడ్ అయ్యాడు. నేనొక్కదాన్నే ఇంకా గీతలు గీసే మనిషిగా మిగిలిపోయాను. ఎవరైనా అడిగితే మావారు, "మా ఆవిడ కాడ్‌లో ఉంది" అని క్లుప్తంగా చెప్పేవారు. కాడ్ అంటే కంప్యూటర్ మీద ప్లాన్లు గీయడం. అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుని వాళ్ళు, "మార్కెట్ ఎట్లా ఉంది?" అని అడిగేవారు. "బానే ఉందండి" అనేదాన్ని. మార్కెట్ అంటే అప్పట్లో నాకు కూరగాయలే.

ఉద్యోగం పేపర్లో ప్రకటన చూసి దొరికింది. ఒక పాత ఫ్యాక్టరీ భవనం ఐదో అంతస్తులో ఆఫీసు. కింద రొట్టెల బట్టీ, పైన మేము. యజమాని హైదరాబాదు ముస్లిం కుటుంబంవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు, క్లయింట్లతో ఏ దేశానికీ చెందని ఒక ఇంగ్లీషు మాట్లాడేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. అన్నం తిన్నావా అని అడిగి మరీ అబద్ధాలు చెప్పించేవాడు. మొదట్లో ఆ కంపెనీ పని, ఫ్యాక్టరీల డ్రైనేజీ పైపుల పాత కాగితం ప్లాన్లను కంప్యూటర్లోకి ఎక్కించడం. ప్రపంచమంతా తన పేర్లకు ముందు 'ఈ' తగిలించుకుంటున్న కాలం కనక, ఈయనా తగిలించుకున్నాడు. డ్రైనేజీ పైపుల కంపెనీ కాస్తా ఒక్క బోర్డు మార్పుతో ప్రపంచ వారసత్వ పోర్టల్ అయింది. పైపులు మాత్రం మేం గీస్తూనే ఉన్నాం.

మేం అంటే ఇద్దరం. నేనూ, అరవై దాటిన ఒక చైనీస్ పెద్దాయనా. అందరిలా నేనూ ఆయన్ని అంకుల్ అనేదాన్ని. చొక్కా గుండీలు సగమే పెట్టుకుని, రబ్బరు చెప్పులతో వచ్చేవాడు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఫ్లాట్లు గీసి రిటైరయ్యాడు. కంప్యూటర్ పక్కన పెట్టి ముందు ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో గీసి, అది నచ్చితేనే నన్ను ఎక్కించమనేవాడు. మా బ్లాకు నంబరు చెబితే కాసేపు ఆలోచించి, "మీ మెట్లు నేనే గీశాను. రెండో అంతస్తు దగ్గర ఒక మెట్టు కొంచెం పొట్టిది. తప్పు నాది కాదు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చూశాను. పొట్టిదే.

ఒకరోజు నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. విప్పగానే బొగ్గుపొగా, తడి గోనెసంచీ కలిసిన వాసన. వేల్స్‌లో కొండల మధ్య ఉన్న ఒక పాత బంగళాకు సంబంధించిన కొలతల పుస్తకాలు, ఫోటోలు, చిరిగిన ప్లాన్లు అందులో ఉన్నాయి. ఆ ఇంటిని చూసుకునే కమిటీ ఒకటి, గది గదినీ కంప్యూటర్లో గీయించి, ఒక డిస్కులో శాశ్వతంగా భద్రపరచాలనుకుంది. తన దగ్గర పన్నెండు మంది ఆర్కిటెక్టులున్నారని మా యజమాని సార్ వాళ్ళకు రాశాడు. ఆ ఉత్తరంలోనే "మీ మహత్తరమైన ఇంగ్లీషు రాజభవనం" అని కూడా రాశాడు. జవాబు రెండు వాక్యాలు. అది ఇంగ్లీషుది కాదు. రాజభవనమూ కాదు.

"గింత పరేషాన్ ఎందుకో" అన్నాడు సార్. "లండన్‌కు దగ్గర్నే గదా."

నిజానికి ఆ ఇల్లు ఒక ఇల్లు కాదు. ఒకదానికొకటి తొడిగిన మూడిళ్ళు. నడుమన బాగా పాతదైన రాతి కట్టడం, చిన్న కిటికీలు, దిట్టమైన గోడలు. తర్వాత పలకరాతి గనుల్లో సంపాదించిన ఒక వారసుడు దానిముందు కొత్త ముఖం నిలబెట్టాడు. పై అంతస్తులో వరసగా తొమ్మిది కిటికీలు. ఆ తర్వాతి తరంవాడు గచ్చుపూల కప్పుతో పెద్ద భోజనాల గది కట్టి, ఒక బురుజు కూడా లేపాడు. నేను మొదట గీసింది ముందుభాగం. గీస్తుంటే రెండు కిటికీల వెనక గదులు లేవని తెలిసింది. పొగగొట్టం ఉంది. వరస తప్పకుండా ఉండటానికి గోడమీద కిటికీ ఆకారం చెక్కి, అద్దాల్లా కనబడేలా నల్లరంగు వేశారు. అంకుల్‌కు చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"డబ్బున్నవాళ్ళు కదా" అన్నాడు. "అద్దం కొనలేకపోయారా, లా?" మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ళ అలవాటు.

కొలతల పుస్తకాలన్నీ ఒకే చేతిరాత. ఎవరో ఆడమనిషి అని చివర్లో సంతకం వల్ల తెలిసింది. అంకెల పక్కన మార్జిన్లో ఆవిడ తన గోడు వెళ్ళబోసుకునేది. "వాన." "మళ్ళీ వాన." "ఇంటి యజమాని అక్కగారు తన గదిలోకి రానివ్వలేదు, తలుపు దగ్గర నిలబడి అంచనా వేశాను." ఒకచోట, "టేపు మొదటి అంగుళం కుక్క కొరికేసింది. ఇకమీదట అన్నింట్లో ఒక అంగుళం తీసెయ్యాలి" అని ఉంది. మేమిద్దరం తీసేశాం. గది తర్వాత గది, అంగుళం తర్వాత అంగుళం, "కొత్త టేపు" అని రాసి ఉన్న పేజీ వచ్చేదాకా. ఎనిమిది నెలలు ఆ చేతిరాతతో కాపురం చేశాను. మావారి రాత కన్నా నాకు అదే బాగా తెలుసు. మావారు రాసేవారు కాదు, టైపు చేసేవారు.

పేచీ ఈశాన్యం మూలలో వచ్చింది. భోజనాల గది లోపలి కొలతా, పక్కనున్న పాత్రల గది కొలతా, మధ్య గోడలూ అన్నీ కూడితే, బయటి గోడ పొడవుకు నాలుగడుగులు తక్కువ. మళ్ళీ కూడి చూశాను. అంకుల్ కూడా కూడి చూశాడు. పుస్తకంలో ఆ పేజీ తీస్తే, మార్జిన్లో ఒకటే మాట. "వాన. మిగతాది రేపు." మరుసటి పేజీ పైకప్పు కింది గదులతో మొదలైంది. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

సార్ దగ్గరికి వెళ్ళాను.

"గోడ మందం చెయ్యున్రి మేడమ్. పాతిల్లు గదా, అప్పట్ల గోడలు గట్లనే ఉంటుండె."

"పక్క గోడ రెండడుగులేనండి. ఇదొక్కటీ ఆరడుగులు ఎలా అవుతుంది?"

"గోల్కొండ గోడలు చూసిన్రా మీరు?"

"అది కోట సార్. ఇది భోజనాల గది."

"తినెటోళ్ళు గుడ భద్రంగ ఉండాలె గదా" అన్నాడు.

కమిటీకి ఉత్తరం రాసి అడుగుదామన్నాను. ప్రశ్న అడిగితే మనకు తెలియదని వాళ్ళకు తెలిసిపోతుందన్నాడు. కంపెనీ మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నడిచేది కనక నేను తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. అంకుల్ మాత్రం తన ట్రేసింగ్ కాగితం మీద ఆ నాలుగడుగుల చోట చుక్కల గీత గీసి, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టాడు. "తెలిస్తే తెలుసని రాయి, తెలియకపోతే తెలియదని రాయి. అంతే లా" అన్నాడు. నేను కంప్యూటర్లో అలాగే ఎక్కించాను. సార్ తెరిచి గోడతో నింపాడు. నేను మళ్ళీ ఖాళీ చేశాను. ఆయన మళ్ళీ నింపాడు. ఆ వారం మా ఇద్దరి మధ్యా ఇంతకు మించి సంభాషణ జరగలేదు.

ఆ తర్వాత పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళకోసం సార్ స్వయంగా తెరమీద ఇంట్లో నడిచినట్టు కనబడే బొమ్మ ఒకటి తయారుచేశాడు. ఆయన కొన్న బొమ్మల కట్టలో చెట్లంటే కొబ్బరిచెట్లే ఉన్నాయి. అందుకని ఆ వేల్స్ కొండ బంగళా చుట్టూ కొబ్బరితోట మొలిచింది. ఆకాశం మన తీరంలో వేసవి మధ్యాహ్నంలా మండిపోతోంది. నడక ముందు తలుపులోంచి మొదలై, హాలు దాటి, పొగగొట్టంలోకి దూరి, అవతల పడకగదిలో తేలింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒకాయన ఈతకొలను ఎక్కడుందని అడిగాడు. ఇంకొకాయన మన గుంటూరు వైపు పెద్దమనిషి. గల్ఫ్‌లో వ్యాపారం చేసి వచ్చాడు. అంతసేపూ కళ్ళు మూసుకుని ఉన్నవాడు, ప్లాన్ తెరమీదికి రాగానే నిటారుగా కూర్చున్నాడు.

"ఉత్తరం ఎటండీ?"

నేను చూపించాను.

"అయితే ఈశాన్యంలో ఇంత దిమ్మె ఏంటి? ఈశాన్యం మూసేసి ఇల్లు కట్టినవాళ్ళు బాగుపడ్డారా?"

ఆ వారసుడి కొడుకు అప్పులపాలై సగం పొలం అమ్మేశాడని పెట్టెల్లోని కాగితాల్లో ఉంది. నోరు జారి ఆ మాట అనేశాను. పెద్దమనిషి మిగతావాళ్ళవైపు తిరిగి, చూశారా అన్నట్టు తలాడించాడు. సాయంత్రం సార్ నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడమ్, ఆ మూల తెరవున్రి. కిటికీ పెట్టున్రి. చిన్నది చాలు" అన్నాడు. ఎనిమిది నెలలుగా ఒక్క ప్రశ్న అడగడానికి ఒప్పుకోని మనిషి, ఎప్పుడో పోయిన వేల్స్ జమీందారు ఇంటికి వాస్తు సరిచేయడానికి ఒక్క పూట ఆలోచించలేదు. నేను పెట్టనన్నాను. ఆయనే పెట్టుకున్నాడు. పరదాతో సహా.

అదే నెలలో మావారి కాంట్రాక్టు ఆగిపోయింది. బ్యాంకు ఆ ప్రాజెక్టే తీసేసింది. అప్పటికే కంప్యూటర్ ఉద్యోగాల గాలి తిరగడం మొదలైంది. యూ టీ అనే పేటలో ఒక కన్సల్టెన్సీవాళ్ళ ఫ్లాట్ నిండా మనవాళ్ళే, ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూ, వంతులవారీగా వంట చేసుకుంటూ ఉండేవారు. దాన్ని వాళ్ళు బెంచ్ అనేవారు. మావారు వాళ్ళ దగ్గరికి వెళ్ళి పగలంతా గడిపి వచ్చేవారు. ఇంట్లో ఉంటే నా ట్రేసింగ్ కాగితాలు కనబడతాయని కాబోలు.

సరిగ్గా అప్పుడు కమిటీనుంచి ఉత్తరం వచ్చింది. కొలతల పుస్తకాలు రాసిన ఆవిడ ఆస్ట్రేలియాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్తూ సింగపూర్‌లో ఒకరోజు ఆగుతుందట. పన్నెండు మంది ఆర్కిటెక్టులనూ కలుసుకోవాలని ఉందట.

సార్ ముఖం చూసి నాకే జాలేసింది. ఒక్క రోజే. మరుసటి రోజు ఆయన మావారికి ఫోన్ చేశాడు.

"పదకొండు మంది దోస్తుల్ని తేవాలె భాయ్. పొద్దుగాల పది నుంచి ఒంటిగంట దాక కూసోవాలె. బిర్యానీ నాది."

నేను ఇంట్లో గొడవ పెట్టాను. "గీతలు గీసే పని అని అందరి ముందూ చెప్పుకోవడానికి నామోషీ పడ్డారు కదండీ. ఇప్పుడు ఆ గీతల ముందే కూర్చుంటారా?"

"ఒక్క పూటే కదా" అన్నారు మావారు. "అయినా డొమైన్ ఏదైతే ఏంటి? నాలుగు పదాలు చెప్పు, మేనేజ్ చేస్తాను."

కార్నిస్, లింటెల్, ట్రెడ్, రైజర్ అని గోడలకూ మెట్లకూ సంబంధించిన మాటలు చెప్పాను. ఆయన కాగితం మీద రాసుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన చేతిరాత చూడటం అదే మొదలు.

ఆ ఉదయం ఆఫీసు నిండిపోయింది. యూ టీ నుంచి వచ్చిన పదకొండు మంది, వాళ్ళ నడుమ మావారు, అందరూ ఇస్త్రీ చొక్కాలతో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. కొన్ని కంప్యూటర్లు కింద రొట్టెల బట్టీ గుమాస్తా దగ్గర అడిగి తెచ్చినవి. ఒకాయన స్కేలు తలకిందులుగా పట్టుకున్నాడు. నా కుర్చీలోనూ ఎవరో ఉన్నారు.

"నేనెక్కడ కూర్చోనండి?"

"మీరు కోఆర్డినేషన్ మేడమ్. చాయ్ తెస్తూ ఉండున్రి. మీరు ఆర్కిటెక్ట్ అంటే సర్టిఫికెట్ అడుగుతది. వీళ్ళందరికీ ఇంజనీరింగ్ డిగ్రీలున్నయి."

"అంకుల్ ఏరి?"

"మకాన్‌కు పంపిన. నిమ్మళంగ తినుమన్న. ఆ చెప్పులు, ఆ చొక్కా... క్లయింట్ ముందట బాగుండదు గదా."

భోజనానికి మకాన్ అనడం ఆ దేశంలో అందరికీ అలవాటే. పొద్దున పదింటికి భోజనం ఏమిటని నేను అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆవిడ వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. ఆ ఎండలో వానకోటు మడిచి చేతిమీద వేసుకుని, మేజోళ్ళ మీద చెప్పులు తొడుక్కుని, గుడ్డసంచీతో నిలబడింది. ముందు గోడమీది పెద్ద తెర చూసింది. కొబ్బరితోట మధ్య తన బంగళా.

"మా వాతావరణం బాగుపడినట్టుందే" అంది.

సార్ నవ్వాడు. తర్వాత పన్నెండు మందీ నవ్వారు. ఆవిడ ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగుతూ, పేరు అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంటూ నడిచింది. మావారి తెరమీద పెద్ద మెట్ల వరస ఉంది.

"దీనిమీద ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు?"

"రెండేళ్ళ అనుభవం ఉందండి" అన్నారు మావారు. ఇంటర్వ్యూల అలవాటు.

"నేను పెట్టెలు పంపింది ఎనిమిది నెలల కిందట" అంది ఆవిడ. "నాకన్నా ముందే మొదలుపెట్టారన్నమాట. ఈ మెట్టు అంచు ఎంత ముందుకు వచ్చిందో చెప్పగలరా?"

మావారు కాగితం కోసం జేబు తడుముకున్నారు. దొరకలేదు. "అది బ్యాకెండ్‌లో చూస్తారండి" అన్నారు. పక్క బల్లవాడు తల వంచుకున్నాడు. చాయ్ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ నాకు నవ్వు వచ్చింది. మెట్టు అంచు అంగుళమున్నర. దాన్ని సరిచూడటానికి అంకుల్ ఒక పూటంతా ఫోటో మీద భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ నావైపు వచ్చి కప్పు తీసుకుంది. కానీ అడిగింది అందరినీ.

"ఒక విషయం తెలుసుకుందామని వచ్చాను. నా టేపు కుక్క కొరికిన సంగతి ఎవరు పట్టించుకున్నారు? మీరు పంపిన గదులన్నీ సరిగ్గా అంగుళం తగ్గి వచ్చాయి. మా కమిటీలో ఒక్కరూ ఆ మార్జిన్లు చదవలేదు."

పన్నెండు మందీ తమ తెరలవైపు తిరిగారు. "టీమ్ ఎఫర్ట్" అన్నాడు సార్.

"కొత్త టేపు వచ్చిన పేజీ దగ్గర ఆపేశామండి" అన్నాను నేను. "అక్కగారి గది మాత్రం మీరు తలుపు దగ్గర్నుంచి చూసి రాసింది కదా. అందుకని దాని పక్కన అంచనా అని రాశాం."

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. నావైపు తిరిగింది.

"మేం అంటే ఎవరు?"

"నేనూ, ఇంకొకాయనా. ఆయన కింద కాఫీ దుకాణంలో ఉన్నారు."

సార్ నావైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదు. వాన వస్తుందని తెలిసీ గొడుగు మరిచిపోయినవాడి చూపు.

లిఫ్టులో మేమిద్దరమే దిగాం. దుకాణం కిటకిటలాడుతోంది. ఒక బల్ల దగ్గర ఎవరో కాగితపు రుమాళ్ళ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్ చేసుకుని వెళ్ళారు. అది అక్కడి పద్ధతి. ప్యాకెట్ ఉంటే ఆ చోటు వాళ్ళదే. ఆవిడకు తెలియక, దుకాణంవాళ్ళు మర్యాదకు పెట్టారనుకుని, ప్యాకెట్ విప్పి చెమట తుడుచుకుని కూర్చుంది. ఆ కుర్చీ అంకుల్‌దే. కాఫీ గ్లాసుతో వచ్చి, ఆవిడనీ, తన ప్యాకెట్‌నీ చూసి, నావైపు తిరిగాడు.

"కుక్క టేపు ఈవిడదే అంకుల్" అన్నాను.

ఆయన గ్లాసు పెట్టి, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు నాతో వాళ్ళిద్దరికీ పనిలేకపోయింది. ఆవిడ ఇంగ్లీషు ఆయనకు సగమే అర్థమైంది, ఆయనది ఆవిడకు అంతకన్నా తక్కువ. పెన్సిల్ ఉంది కనక సరిపోయింది. అంకుల్ ఎప్పుడూ వెంట తెచ్చుకునే గొట్టంలోంచి ట్రేసింగ్ కాగితం తీసి బల్లమీద పరిచాడు. నాలుగు మూలలా గ్లాసులు పెట్టాం. ఈశాన్యం మూలలో చుక్కల గీత, ప్రశ్నార్థకం.

ఆవిడ దానిమీద వేలు పెట్టింది.

"ఆ రాత్రి జ్వరం వచ్చింది" అంది. "లేచేసరికి వారమైంది. తిన్నగా పైకి వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. అడగలేదు కనక నేనూ బాగానే కొలిచానని అనుకున్నాను."

"లోపల ఏముంది?" అన్నాడు అంకుల్.

"తెలియదు. మా కరపత్రంలో మాత్రం ఒక వాక్యం ఉంది. ఈ ఇంట్లో పనివాళ్ళకు వేరే మెట్లు ఎప్పుడూ లేవనీ, వాళ్ళను ఇంటి మనుషుల్లా చూసేవారనీ, అందరూ పెద్ద మెట్లమీదే నడిచేవారనీ."

అంకుల్ కాగితం మీంచి తలెత్తాడు. "ఎంగిలి పళ్ళేలు పట్టుకునా? ఆ తివాచీ మీద?"

ఆవిడ గట్టిగా నవ్వింది. అప్పటికి సార్ కూడా దిగి వచ్చాడు. కాల్చిన రొట్టెలు తెప్పించి, కుర్చీ లాక్కుని, అంకుల్ భుజం మీద చెయ్యి వేసి, "మా సీనియర్ మోస్ట్ కన్సల్టెంట్" అన్నాడు.

"పొద్దున వెళ్ళి మకాన్ చెయ్యమన్నాడు" అన్నాడు అంకుల్. "ఇది మూడో కాఫీ."

వెళ్ళేముందు ఆవిడ సార్‌తో ఒకటే చెప్పింది. ఆ మూలలో గోడా వద్దు, కిటికీ అసలే వద్దు, పెద్దాయన గీసినట్టే ఉంచండి అని. పైన పన్నెండు మందీ అప్పటికే బిర్యానీ పొట్లాలు విప్పారు.

నాలుగు నెలల తర్వాత నా పేరుతో ఒక కవరు వచ్చింది. వడ్రంగిని పిలిచి భోజనాల గది గోడకున్న చెక్కపలకల్లో ఒకటి ఊడదీయించారట. వెనక ఇరుకైన రాతి మెట్లు, వంటింటి దగ్గర్నుంచి పైకప్పు కింది గదులదాకా. ఫోటో పెట్టింది. ఒక్కో మెట్టూ నడుమ గిన్నెలా అరిగిపోయి ఉంది. రెండు పక్కలా గోడ, భుజాలు రాసుకునే ఎత్తులో నున్నగా మెరుస్తోంది. మూడో మెట్టు సందులో గుడ్డలో చుట్టిన పింగాణీ ముక్కలు దొరికాయట. బంగారు అంచు పళ్ళెం. బద్దలుకొట్టిన పనిమనిషి ఎవరో భయపడి దాచి ఉంటుంది. అంతా అమర్చి చూస్తే ఒక్క ముక్క కూడా తగ్గలేదని రాసింది. ఇంటి మనుషుల్లా చూసేవారన్న వాక్యాన్ని కరపత్రంలోంచి తీయించడానికి తనకు మూడు మీటింగులు పట్టిందనీ, కమిటీ అధ్యక్షుడు "అయినా కొంతమంది పెద్ద మెట్లు కూడా వాడి ఉంటారు కదా" అని ఆఖరిదాకా బతిమాలాడనీ రాసింది.

ఫోటో అంకుల్‌కు ఇచ్చాను. చాలాసేపు చూసి, "మెట్టు ఎత్తు తొమ్మిది అంగుళాలు ఉంటుంది. బరువు మోసేవాళ్ళకు అది చాలా ఎక్కువ" అన్నాడు. ఆ మెట్లను కొత్తగా గీసింది ఆయనే. మేమిద్దరం కలిసి గీసిన ఆఖరి కాగితం అది.

డిస్కు విడుదలయ్యేనాటికి కంపెనీ మూతపడింది. డిస్కు చివర కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంది. ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకున్న పేర్ల కాగితాన్ని కమిటీ గుమాస్తా ఎవరో యథాతథంగా ఎక్కించేశాడు. పన్నెండు మంది యూ టీ ఆర్కిటెక్టులు వరసగా ఉన్నారు. మావారి పేరు పక్కన "మెట్లు" అని ఉంది. నా పేరు అన్నిటికన్నా కింద, "కోఆర్డినేషన్". అంకుల్ పేరు లేదు. క్షమాపణ చెబుతూ ఆవిడ మళ్ళీ రాసింది. అసలు కాగితాల అడుగున 'గీసినవారు' అన్న గడిలో మా ఇద్దరి పొడి అక్షరాలే ఉన్నాయని, డిస్కులు పాడైపోయాక కూడా ఆ కాగితాలు ఉంటాయని ఓదార్చింది. మావారు ఆ ఏడాది చివర్లో మళ్ళీ ఒక బ్యాంకులో చేరారు. రెజ్యూమేలో వారసత్వ భవనాల అనుభవం అని ఒక లైను చేర్చారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. అడిగితే, "అబద్ధం కాదు కదా, అచ్చులో ఉంది" అన్నారు.

సార్ లిటిల్ ఇండియాలో హోటల్ పెట్టాడు. ఎప్పుడు వెళ్ళినా కూర్చోబెట్టి తినిపిస్తాడు. నన్నూ మావారినీ తానే పైకి తెచ్చానని ఇప్పటికీ పక్క బల్లలవాళ్ళకు చెబుతాడు. మెనూ మీద పన్నెండు రకాల బిర్యానీలున్నాయి. వంటింట్లో ఒకటే గిన్నె.

వేల్స్ ఆవిడ రాసిచ్చిన సిఫారసు ఉత్తరంతో నాకు, కింద దుకాణం, పైన కాపురం ఉండే పాత ఇళ్ళను కొలిచి గీసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం దొరికింది. అంకుల్‌ను కూడా రమ్మన్నాను. మోకాళ్ళు ఒప్పుకోవన్నాడు. మొదటిరోజు ఒక తమిళ పెద్దావిడ ఇంట్లో వంటగది గోడ దగ్గర నిలబడి వేళ్ళతో కొట్టి చూస్తున్నాను. ఒకచోట చప్పుడు బోలుగా వచ్చింది. ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి, తనకొచ్చిన ఇంగ్లీషులో ఏం వెతుకుతున్నావని అడిగింది. దీని వెనక ఏముందో తెలుసుకోవాలన్నాను.

"గ్యాస్ బండ" అంది ఆవిడ. "నాలుగు చెక్కలు కొట్టి మా ఆయనే కట్టాడు. నువ్వు జరిగితే నేను తీసుకుంటాను, పొద్దుట్నుంచీ పాలు కాగలేదు."

జరిగి, కొలత పక్కన మార్జిన్లో "గ్యాస్ బండ" అని రాసుకున్నాను.